క్లీన్ షీట్

గురువారం సాయంత్రం ఆరున్నర,
మిడిల్స్‌బ్రోలో చర్చి వెనక హాలు.
హీటరు పనిచెయ్యదు,
పనిచేస్తున్నట్టు చప్పుడు మాత్రం చేస్తుంది.
పన్నెండు కుర్చీలు, తొమ్మిదిమందిమి,
బోర్డు మీద పచ్చ మార్కరుతో గీసిన మైదానం.

బెరిల్ ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపింది.
తనకి గ్రామరు రాదని మొదటిరోజే చెప్పేసింది.
"ఈ ఊళ్లో నోరు విప్పాలంటే రెండే సంగతులు.
ఒకటి వాన, రెండోది బంతి.
వాన మీకు ఎలాగూ వచ్చేసింది."

ఇవాళ్టి మాట: క్లీన్ షీట్.
నేను చెయ్యెత్తాను,
ఆర్నెల్లలో మొదటిసారి.
నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?
స్టేషను పక్క హోటల్లో రోజుకి నూటనలభై దుప్పట్లు.
లిప్‌స్టిక్ మరక, కాఫీ మరక,
ఎవరో రాత్రంతా ఏడ్చిన మరక,
అది ఆరాక ఉప్పులా అంచు కడుతుంది.
"ఉతికిన దుప్పటి" అన్నాను.

బెరిల్ నవ్వలేదు.
"దగ్గరికొచ్చావు లెతెబ్రహాన్.
ఆట మొత్తంలో ఒక్క గోలూ పోనివ్వకపోవడం.
ఆ రాత్రి గోల్‌కీపరు దుప్పటి మీద మరక లేదు."

నట్‌మెగ్ అంటే
ఎదుటివాడి కాళ్ల సందులోంచి బంతి పోనివ్వడం.
పెంబా దీవి నుంచి వచ్చిన మకామె
కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.
వాళ్ల నాన్నకి పదకొండు జాజికాయ చెట్లట.
"అంత మంచి వాసనని
అవమానానికి పేరు పెట్టుకున్నారా మీరు?"

బెంచి అంటే కూర్చోవడం కాదు, ఆడనివ్వకపోవడం.
డ్రా అంటే బొమ్మ గియ్యడం కాదు,
కర్టెను లాగడం కాదు,
తొంభై నిమిషాలు బురదలో పొర్లి
ఎవరూ గెలవకుండా ఇంటికెళ్లడం.
ఓన్ గోల్‌కి ఉదాహరణగా
బెరిల్ తన పెళ్లి గురించి ఏదో చెప్పబోయి మానేసింది.
అక్కర్లేదు కూడా.
కొరివితో తల గోక్కోవడం తొమ్మిదిమందికీ తెలిసిందే.
ఎవరి కొరివి వాళ్లకి గుర్తొచ్చి
కాసేపు హీటరొక్కటే మాట్లాడింది.

ఆఫ్‌సైడ్ మాత్రం ఎవరికీ ఎక్కలేదు.
ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా, మూడు బిస్కెట్లు,
ఒక చెంచా పరిచి చూపించింది.
బంతి వదిలే క్షణానికి నువ్వు గీత దాటి ఉండకూడదు.
"గీత ఎక్కడుంది?" ఫెర్హాద్ అడిగాడు.
గీసి ఉండదు. గోలీని వదిలేస్తే
ఆఖరున ఎవడు నిలబడితే అక్కడ.
"వాడు కదిలితే?"
గీతా కదులుతుంది.
ఫెర్హాద్ చాలాసేపు ఆ చెంచానే చూశాడు.
"ఇది మా లాయరు ముందే చెప్పాడు" అన్నాడు.

చివరి మాట ఇంజురీ టైమ్.
దెబ్బలకి, గొడవలకి పోయిన నిమిషాల్ని
లెక్కగట్టి ఆఖర్న తిరిగి ఇచ్చేస్తారు.
అందరం పెన్నులు ఆపేశాం.
తిరిగి ఇస్తారా? నిజంగా?
ఎవరు లెక్కపెడతారు?
విజిల్ ఉన్న మనిషి దగ్గర గడియారం ఉంటుంది.
ఇస్తే మూడిస్తాడు, పోనీ అయిదు.

ఖార్తూమ్‌లో నాలుగేళ్లు,
కలేలో ఒక చలికాలం,
వేలిముద్రల క్యూలో ఆ మంగళవారాలన్నీ...
నోట్‌బుక్కు వెనక పేజీలో కూడిక మొదలుపెట్టాను.
హాలు తాళం వేసే వేళయింది.

శనివారం.
దుప్పట్ల బండి తోసుకుంటూ
హోటల్ బార్ ముందు ఆగాను, ఎందుకో.
టీవీలో మన ఊరి గోలీ
పసుప్పచ్చ చొక్కాతో గాల్లోకి దూకి
అన్నీ ఆపేస్తున్నాడు.
మన ఊరి, అన్నానా? అన్నాను.
గడియారం తొంభై దాటింది.
తొంభై మూడో నిమిషంలో
ఎవరి కాలికో తగిలి, దారి తప్పి,
బంతి మెల్లగా లోపలికి దొర్లింది.

"పోయింది క్లీన్ షీట్"
బీరు గ్లాసుతో చెప్పుకున్నాడు ఒక ముసలాయన.

"ఫర్వాలేదు" అన్నాను ఇంగ్లీషులో,
ఎవరూ అడక్కుండానే,
"రేపు మళ్లీ ఉతుకుదాం."

నవ్వాడో లేదో చూడలేదు.
నాలుగో అంతస్తులో ఇంకా పద్నాలుగు గదులున్నాయి.